రెండు వాల్వుల సెట్టు మీద ఒక అభిప్రాయం

మొన్న నా ఫోనులో అవతలి మనిషి మాట వినిపించడం మానేస్తే, మా మనవరాలు నన్ను అమీర్‌పేటలో మెట్రో స్తంభాల పక్కనున్న రిపేరు దుకాణానికి తీసుకెళ్ళింది. కంప్యూటరు కోర్సుల బోర్డులు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి ఆకాశాన్ని మూసేసిన సందులో, జానెడు బల్ల ముందు కూర్చున్న ఒక నడివయసు మనిషి ఫోను వీపు విప్పి, సూదిలాంటి వేడి కడ్డీని దాని పొట్టలో ఆనించాడు. పోగంత పొగ లేచింది. కరిగిన తగరమూ, కాలిన గుగ్గిలమూ కలిసిన వాసన. నేను కుర్చీలో కొంచెం ముందుకు జరిగాను. “పొగ పడ్తలేదా అమ్మా? ఫ్యాను పెట్టమంటవా?” అన్నాడతను. వద్దన్నాను. ఆ వాసన నా ముక్కుకు తగిలి డెబ్బై ఏళ్ళు దాటింది, ఇంకాసేపు ఉండనిమ్మని మాత్రం చెప్పలేదు.

మా ఇంట్లో ఆ వాసన శుక్రవారాలకు సంబంధించింది. నిజాం రాజ్యంలో శుక్రవారమే సెలవు కాబట్టి, మా నాయన రాజలింగం ఆ రోజు కుట్టు దుకాణం మూసి, ఇస్త్రీపెట్టెలో నిప్పులు మాత్రం యథాప్రకారం రాజేసి, వాటి మీద బట్టల బదులు ఒక రాగి కడ్డీని కాల్చేవాడు. కడ్డీ కొన ఎర్రబడబోయే ముందు దాన్ని గుగ్గిలపు ముద్దలో గుచ్చి, తగరం తాకించి, తీగెకు తీగె అతికించేవాడు. అమ్మ అవతల పొయ్యి మీద జొన్నరొట్టె కాలుస్తుంటే రెండు పొగలూ నడిమింట్లో కలుసుకునేవి. నేను రొట్టెలో పచ్చిమిరప తొక్కు పెట్టుకుని, గడప మీద కూర్చుని, ఏ పొగ ఎటు పోతుందో చూస్తూ తినేదాన్ని. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు.

అప్పటి అమీర్‌పేట పట్నం కాదు, పట్నానికి ఆనుకున్న పల్లె. మా ఇంటి వెనక జొన్నచేను, చేను దాటితే రాళ్ళు, రాళ్ళు దాటితే పంజాగుట్ట. ఆ గుట్ట బండల సందుల్లో వానాకాలం చివర సీతాఫలాలు కళ్ళు తెరిచేవి. మేం ఆడపిల్లలం ఒడినిండా కోసుకొచ్చి జొన్నచొప్పలో మగ్గబెట్టి, రోజూ పొద్దున్నే ఒక్కొక్కటీ నొక్కి చూసి, నొక్కీ నొక్కీ సగం పాడుచేసేవాళ్ళం. ఎండాకాలం తాటి ముంజలు, బోనాల నాటికి వేపాకు మండల వాసన, బతుకమ్మ రోజుల్లో తంగేడు పూల పసుపు చేతులకంటి అన్నం ముద్దకు కూడా అంటేది. బేగంపేట వైపు నుంచి విమానం లేస్తే గచ్చకాయలాట ఆపి అందరం తలలెత్తేవాళ్ళం. మళ్ళీ తలదించేసరికి ఎవరో ఒకరు ఒక కాయ దొంగిలించి ఉండేవారు.

నాయన పుట్టింది సిరిసిల్లలో, మగ్గాల ఇంట్లో. మగ్గం అన్నం పెట్టక పట్నం వచ్చి కుట్టుపని నేర్చుకున్నాడు. దేవిడీల నవాబులకు షేర్వానీలు కుట్టేవాడు, యుద్ధం వచ్చాక ఖాకీ కుట్టేవాడు. ఒకసారి బేగంపేటలో ఒక దొర బంగళాకు కోటు కొలతలకు పోతే, అక్కడ చెక్కపెట్టెలోంచి సముద్రాల అవతలి మనిషి మాట్లాడుతున్నాడట. కొలత టేపు మెడలో వేసుకుని అలాగే నిలబడిపోయాడట. “లండన్ల వానవడ్తుందంట, గా పెట్టె చెప్పింది,” అని ఇంటికొచ్చి అమ్మతో అన్నాడట. “ఈడ పడ్తలేదు గద, మిరపకాయలు ఎండబెట్టుకుంట,” అన్నదట అమ్మ. పెట్టె కొనే స్తోమత లేదు. జుమ్మెరాత్ బజారులో పాత సామాను కుప్పల్లోంచి వారం వారం ఒక ముక్క ఏరుకొచ్చి, ఏడాది తిరిగేసరికి రెండు వాల్వుల, అంటే రెండు గాజుబుడ్ల, రేడియో సెట్టు తనే కట్టుకున్నాడు.

ఆ సెట్టులో సగం అమ్మ చేసిందేనని చెప్పకపోతే తప్పు. షార్ట్‌వేవ్ పట్టాలంటే రాగి తీగెను ఒక గొట్టం మీద చుట్టాలి, చుట్టుకూ చుట్టుకూ మధ్య వెంట్రుకంత ఎడం కూడా మారకూడదు. ఒక్కో రకం స్టేషన్లకు ఒక్కో చుట్ట, దాన్ని కాయిలు అనేవారు. నాయన చుట్టినవి వంకర పోయేవి. అమ్మ చిన్నప్పటి నుంచి మగ్గానికి కండెలు చుట్టిన మనిషి. వెదురు గొట్టం తీసుకుని, తీగెను కాలి బొటనవేలికి ఒక మెలిక వేసి, మాట్లాడుతూనే చుట్టేసేది. ఆ కాయిళ్ళను చూసి నాయన స్నేహితుడు సుబ్రహ్మణ్యం గారు, “ఏ ఫ్యాక్టరీలో చేయించారండీ?” అని అడిగాడు. “మా వంటింట్ల,” అన్నాడు నాయన.

సుబ్రహ్మణ్యం గారిది గోదావరి జిల్లా. సర్కారు ఆఫీసులో నక్షాలు గీసే ఉద్యోగం, పంజాగుట్టలో కరెంటున్న పెంకుటిల్లు, అందులో ఆరు వాల్వుల కొనుగోలు సెట్టు. మా సెట్టుకు నక్షా గీసిచ్చింది ఆయనే, నాయన దాన్ని కోటు కత్తిరింపు గీతల్లాగే చదువుకున్నాడు. ఆయనకు రేడియో వినడం ఎంత ఇష్టమో, వినే సెట్ల మీద తీర్పు చెప్పడం అంతకు రెట్టింపు ఇష్టం. నెలకోసారి నాలుగు పెద్ద కాగితాల మీద, అచ్చు గుద్దినట్టున్న అక్షరాలతో ఒక పత్రిక రాసేవాడు. ఏ స్టేషను ఏ మీటరుకు మారింది, ఏ వాల్వులు బజారుకొచ్చాయి, ఎవరి సెట్టు ఎలా పలుకుతోంది. రాసింది ఒక్క ప్రతే. అది ఐదిళ్ళు తిరిగేది. ఖైరతాబాదులో ఉన్న, టెలిగ్రాఫు ఆఫీసులో రిటైరైన తార్ మాస్టరు మార్జినులో ఉర్దూలో వాదించేవాడు, నాయన కింద తెలుగులో రెండు ముక్కలు రాసేవాడు, మిగిలిన ఇద్దరూ చదివి నూనె మరకలు చేర్చేవారు. “స్టేషను పట్టుకోవడం గొప్ప కాదు, పట్టుకున్నది జారకుండా నిలపడం గొప్ప” అని ప్రతి సంచికలోనూ ఏదో ఒక మూల రాసేవాడు. ఒక షావుకారు కొన్న కొత్త సెట్టు గురించి, “పెట్టె పల్లకీలా ఉంది. లోపల పెళ్ళికొడుకు లేడు” అని రాస్తే ఆ షావుకారు మా నాయన దగ్గర బట్టలు కుట్టించుకోవడం మానేశాడు.

మా సెట్టుకు కరెంటు అక్కర్లేదు. ఒక తడి బ్యాటరీ, దాన్ని నాయన సైకిలు మీద ఖైరతాబాదులో మోటారు షెడ్డుకు తీసుకుపోయి ఛార్జి చేయించుకొచ్చేవాడు. ఇంకొకటి పెద్ద పొడి బ్యాటరీ, అది నీరసిస్తే మిరపకాయల పక్కన ఎండబెట్టేవాడు. పెట్టె అంటూ లేదు. పలక, దాని ముందు సత్తు పళ్ళెం కొట్టి చేసిన రేకు. చెయ్యి దగ్గరికి పోతే చాలు స్టేషను జరిగిపోయేది, అందుకని తిప్పే బిళ్ళకు మూరెడు వెదురు పుల్ల తగిలించి, దూరం నుంచి తిప్పేవారు. చెవులకు పెట్టుకునే డబ్బాలు ఒక్క జత. ఇంటి కప్పు నుంచి చేను గట్టు మీది తుమ్మచెట్టు దాకా రాగి తీగె, ఏరియలు. దాని మీద చీరలు ఆరేయడానికి వచ్చిన చుట్టాలను అమ్మ గద్దించేది. వాన రాబోతుంటే డబ్బాల్లో చిటపటలు ముందే వినిపించేవి కాబట్టి, వాడకట్టు ఆడవాళ్ళు వడియాలు పెట్టే ముందు మా గడపలోకి తొంగిచూసి, “రాజలింగన్నా, ఇయాల పెట్టె ఏమంటుంది?” అని అడిగి పోయేవారు.

ఆ సెట్టుకు ఒక దుర్గుణం ఉండేది. సన్నటి స్టేషను కోసం దాన్ని ఎక్కువగా ఎగదోస్తే కూత పెట్టేది. ఆ కూత మా చెవుల్లోనే కాదు, ఏరియలు గుండా బయటికి పోయి, అదే చోట వింటున్న ఇంకొకరి సెట్టులోనూ కూసేది. అది మాకు తెలియదు. తెలియజేసింది సుబ్రహ్మణ్యం గారు.

“ఏంటండీ రాజలింగం గారూ ఇది? మీరు మీ ఇంట్లో స్టేషను వెతికితే మా ఇంట్లో పిల్లి ఏడుస్తోంది!”

“మైలున్నర దూరం సారూ. నా సెట్టు అంతదాక కూస్తదా?”

“కూస్తోంది. నేను గడియారం పెట్టుకుని చూశాను. మీరు దీపం పెట్టాక కూర్చుంటారు, అప్పుడే మొదలవుతుంది.”

అంతటితో పోయేది. కానీ ఆయన దాన్ని కాగితం మీద పెట్టాడు. ఆ నెల సంచికలో మా సెట్టుకు అర పేజీ కేటాయించి, “రెండు వాల్వుల సెట్టు నేర్చుకునేవారికి మంచిది. వినేవారికి అంత మంచిది కాదు. ఇరుగుపొరుగుకు అసలు మంచిది కాదు” అని ముగించాడు. నాయన దాన్ని దుకాణంలో నిలబడే చదివాడు. రెండోసారి కూర్చుని చదివాడు. తరవాత తార్ మాస్టరు ఇంటికి పంపాల్సిన ఆ నాలుగు కాగితాలనూ బల్ల మీద పరిచి, సుద్దతో గీసి, కత్తెర తీసుకుని, షేర్వానీ కాలరుకు నమూనాలు కత్తిరించుకున్నాడు.

“ఆయన రాసింది అబద్ధమా?” అని అమ్మ అడిగింది.

“అబద్ధం గాదు. గని గట్ల రాస్తరా, నలుగురు సదివేదాంట్ల?”

పత్రిక ఏమైందో తెలిసి సుబ్రహ్మణ్యం గారు మా ఇంటికి రావడం మానేశాడు. వానాకాలమంతా ఇద్దరూ రోడ్డు మీద ఎదురైతే ఒకరు చేను వైపు, ఒకరు గుట్ట వైపు చూస్తూ పోయారు. పెద్దవాళ్ళ పంతం మా గచ్చకాయలాట పంతం కంటే ఎక్కువ రోజులు నిలుస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

మా పక్కిల్లు మల్లమ్మత్తది. రెండు బర్రెలు, ఒక కొడుకు, ఒక కోడలు. భర్త కిష్టయ్య ఎప్పుడో పోయాడు. కొడుకు నర్సింగు పల్టన్‌లో చేరి ఓడ ఎక్కాడు. సింగపూరు నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి, ఆ తరవాత సింగపూరు పడిపోయిందన్న వార్త వచ్చింది, ఆ తరవాత ఏమీ రాలేదు. ఏడాదిన్నర గడిచింది. కోడలు సత్తెమ్మకు పదిహేడేళ్ళు ఉంటాయేమో. పాలు పితికి, పేడ ఎత్తి, ఇంత సందు దొరికితే మాతో అష్టాచెమ్మా ఆడటానికి వచ్చేది. గెలిస్తే చేతులు తట్టి ఎగిరేది, అంతలోనే అత్త వింటుందేమోనని కొంగు నోట్లో కుక్కుకునేది. వాళ్ళలో మారుమనువు ఆచారం ఉంది. ఆమె తండ్రి శంకర్‌పల్లి దగ్గర్నుంచి రెండుసార్లు బండి కట్టుకొచ్చి, బిడ్డను తీసుకుపోతానని అడిగాడు. మూడోసారి, “దసరా దాక సూస్త. ఎనుకసీరి మల్ల అడగ, తోల్కపోత,” అని మల్లమ్మత్తకు చెప్పి పోయాడు. అవతలి సంబంధం కూడా కుదిరిందని వాడకట్టులో అనుకున్నారు. సత్తెమ్మ ఆ తరవాత అష్టాచెమ్మాకు రాలేదు.

ఖైదీలుగా పట్టుబడిన సిపాయిల పేర్లు శత్రువుల స్టేషన్లలో అప్పుడప్పుడు చదువుతారని షార్ట్‌వేవ్ వినేవాళ్ళందరికీ తెలుసు. ఆ స్టేషన్లలో విన్నది బయట చెప్పకూడదని కట్టడి ఉండేది, సర్కారు నౌకరీ చేసేవాళ్ళకు ఇంకా భయం. అయినా తగాదాకు ముందే నాయన మిగతా నాలుగిళ్ళకూ కబురు పెట్టి ఉంచాడు: నర్సింగు, తండ్రి పేరు కిష్టయ్య, ఊరు అమీర్‌పేట, ఎవరి చెవిన పడ్డా చెప్పండని.

బతుకమ్మలు మొదలైన ఐదో రోజో ఆరో రోజో, పొద్దు వాలుతుండగా, సుబ్రహ్మణ్యం గారు జొన్నచేను అడ్డంపడి వచ్చాడు. బురదలో దిగబడిన బూట్లు చేత్తో పట్టుకుని ఉన్నాడు. నేను సత్తుపిండి తింటూ గడప మీద ఉన్నాను. నాయన లేచి నిలబడ్డాడు గానీ రమ్మనలేదు.

“నిన్న సాయంత్రం ఖైదీల పేర్లు చదివారండి. హిందుస్తానీలో,” అన్నాడాయన బయటే నిలబడి. “‘నర్సింగ్, వల్ద్’ అన్నాడు. వల్ద్ తరవాత తండ్రి పేరు చెప్పాలి కదా. అక్కడ కూత వచ్చింది.”

నాయన చూపు పలక మీది సెట్టు వైపు పోయింది.

“మీ కూతే.”

“నిన్న గా యాళ్లకు నేను గాడనే ఉన్న సారూ,” అన్నాడు నాయన. “ఏదో మనిషి గొంతు లెక్క వినవడ్డది. అందుకుందామని జర గట్టిగ ఎగదోసిన.” తరవాత గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. నాయన అలా కూర్చోవడం అంతకుముందు ఒకసారి, తాత పోయినట్టు సిరిసిల్ల నుంచి కార్డు వచ్చినప్పుడు చూశాను.

“మళ్ళీ చదువుతారు. ఒక జాబితాను రెండు మూడు మాట్లు చదువుతున్నారు.”

“నా సెట్టు బంద్ వెడ్త. తీగెలు సుత ఊడదీస్త. మీరే ఇనుండ్రి.”

సుబ్రహ్మణ్యం గారు బూట్లు కింద పెట్టి లోపలికి వచ్చాడు. “నా దాంట్లో కుదరదండీ. కరెంటు హోరు. ఆ స్టేషను చాలా సన్నం, నిన్న ఆ రెండు మాటలు అందడమే ఎక్కువ. మీది బ్యాటరీ సెట్టు, హోరు ఉండదు. కూత రాకుండా నిలిపే చెయ్యి ఉంటే మీదే మంచిది. అందుకే వచ్చాను.”

ఆయన ఆ మాట అన్నాక నాయన చాప వేశాడు.

కానీ మా పొడి బ్యాటరీ చివరి దశలో ఉంది. యుద్ధంలో కొత్తది ఎక్కడా దొరకడం లేదు. సుబ్రహ్మణ్యం గారు మర్నాడు ఐదిళ్ళూ తిరిగి, టార్చిలైట్లలోంచి వాడినవీ వాడనివీ సెల్లులన్నీ ఊడబెరికి ఒక చేతిసంచిలో తెచ్చాడు. తార్ మాస్టరైతే తన టార్చినే ఇచ్చేసి, చీకటి పడితే ఇంట్లోంచి కదలనని చెప్పాడట. అమ్మ వాటిని ఒకదాని తల ఇంకొకదాని కాలికి తగిలేలా వరసగా పేర్చి, బియ్యం చెరిగే చాటలో గట్టి నూలుతో కట్టింది. నాయన తీగెలు అతికాడు. చాటలో బ్యాటరీ, పలక మీద సెట్టు, దాని ముందు మూరెడు వెదురు పుల్ల. చూడటానికి నవ్వొచ్చేట్టు ఉండేది. ఎవరూ నవ్వలేదు.

వెదురు పుల్ల ఎవరు పట్టుకోవాలన్న మాట వచ్చింది. “నా చెయ్యి వద్దు,” అన్నాడు నాయన. “ఆమెకియ్యుండ్రి. దారం తెగకుంట పట్టుకునే చెయ్యి.” అలా అమ్మ సెట్టు ముందు కూర్చుంది. చెవి డబ్బాల జత విప్పి, ఒకటి అమ్మకు, ఒకటి సుబ్రహ్మణ్యం గారికి. ఆయన దగ్గర పెన్సిలు, కాగితం. నాయన గుమ్మంలో నిలబడి, లోపలికి ఎవరూ రాకుండా చూశాడు.

మొదటి సాయంత్రం ఉరుముల చిటపటలు తప్ప ఏమీ లేదు. రెండో సాయంత్రం ఆ స్టేషను దొరికింది గానీ, పాటలు, ప్రసంగం, మళ్ళీ పాటలు. మూడో సాయంత్రం సద్దుల బతుకమ్మ, పండుగ ఆఖరి రోజు. వాకిట్లో వాడకట్టు ఆడవాళ్ళంతా చేరి, తంగేడు, గునుగు, బంతి పేర్చిన బతుకమ్మల చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. పెరుగు సద్ది, చింతపండు సద్ది, నువ్వుల సద్ది, మలీద ముద్దలు మూతలు పెట్టి అరుగు మీద ఉన్నాయి. ఆ పండుగ నాడు ముత్తైదువ ఆడకుండా ఇంట్లో కూర్చోవడం ఎవరూ ఎరగరు. “లక్ష్మేదీ? లక్ష్మికి ఏమైంది?” అని బయట అమ్మ కోసం అడుగుతున్నారు. “తలకాయ నొస్తుందంట,” అన్నాడు నాయన గుమ్మంలోంచి. సత్తెమ్మ తండ్రి అప్పటికే వచ్చి, మల్లమ్మత్త అరుగు మీద చుట్ట కాలుస్తున్నాడు. బండి ఎడ్లు చొప్ప నములుతున్నాయి.

జాబితా మొదలైందని సుబ్రహ్మణ్యం గారి పెన్సిలు చూసి తెలుసుకున్నాను. ఆయన రాస్తున్నాడు, కొట్టేస్తున్నాడు. అమ్మ కళ్ళు మూసుకుని ఉంది. పుల్ల చివర ఆమె వేళ్ళు కదులుతున్నాయో లేదో కూడా తెలియడం లేదు. స్టేషను ఎటు జారితే అటు, దారం వెంట కండె పోయినట్టు ఆమె దాని వెంట పోతోంది. కూత రాలేదు. కాసేపటికి అమ్మ పెదవులు, “నర్సింగ్” అన్నాయి. ఆ వెంటనే, “కిష్ట…” అన్నాయి. తరవాత ముఖం చిట్లించుకుంది. బయట ఆడవాళ్ళ చప్పట్లు ఒక్కసారిగా పెరిగాయి. అమ్మ కళ్ళు తెరిచేసరికి అక్కడ ఇంకెవరి పేరో చదువుతున్నారు.

“ఊరు?” అన్నాడు నాయన.

“మునిగిపోయిందండీ స్టేషను,” అన్నాడు సుబ్రహ్మణ్యం గారు. “చివర ‘పేట’ అన్నట్టు వినిపించింది. ఏ పేటో తెలియదు. తండ్రి పేరు కూడా కిష్టయ్యో కిష్టన్నో.”

“సగం పేరు వట్టుకొని ఎట్ల చెప్తం?”

“నేనైతే కాగితంలో ‘అనుమానం’ అని రాస్తాను. అంతకంటే రాయను.”

ఇద్దరూ అమ్మ వైపు చూశారు. అమ్మ చెవి తుడుచుకుని, బొట్టు సరిచేసుకుని, లేచి బయటికి నడిచింది. నేను వెంట పోయాను. ఆడవాళ్ళ వలయం దాటి మల్లమ్మత్త ఇంటికి పోయేసరికి సత్తెమ్మ గోడవారగా నిలబడి ఉంది. ఆమె ముందు ఒక బట్టల మూట ఉంది.

“మీ నర్సింగు ఉన్నడు,” అన్నది అమ్మ. “ఖైదుల ఉన్నడు. పేరు సదివిండ్రు.”

మల్లమ్మత్త రెండు చేతులూ ఎత్తి ఆకాశానికి మొక్కింది. సత్తెమ్మ తండ్రి చుట్ట నోట్లోంచి తీశాడు. “పెట్టెల ఎవడో ఏదో అన్నడని నా బిడ్డను ఎన్నేండ్లు కూసోబెట్టాలె అమ్మా? గా పెట్టె అబద్ధం ఆడదా?”

సత్తెమ్మ తండ్రిని చూడలేదు. అమ్మ దగ్గరకు వచ్చి, “అక్కా, నీ చెవులతోని ఇన్నవా?” అని అడిగింది.

“ఇన్న.”

“ఏమన్నడు?”

“నర్సింగు. కిష్టయ్య కొడుకు. అమీర్‌పేట.”

నేను అమ్మ ముఖం వైపు చూశాను. అమ్మ నావైపు చూడలేదు. సత్తెమ్మ వంగి, ఆ బట్టల మూట తీసుకుని లోపలికి పోయి, ఒట్టి చేతులతో తిరిగొచ్చింది. “నేను రాను బాపూ,” అన్నది. అంతే అన్నది. ఆమె తండ్రి మర్నాడు జమ్మి కూడా చూడకుండా బండి తోలుకుని పోయాడు.

ఇంటికి వస్తూ, “అమ్మా, అమీర్‌పేట అనలేదంట గద?” అన్నాను.

“అన్నడు.”

“సారు వట్టి పేట అని…”

“ఏ పేటయితేంది? నడువు.”

తరవాత రెండేళ్ళకు పైగా అమ్మ ఆ మాటను మోసింది. సత్తెమ్మ పాలు పోయడానికి వస్తే అమ్మ గిన్నె అక్కడ పెట్టి ఏదో పని మీద పెరట్లోకి పోయేది. సెల్లులు పూర్తిగా చచ్చిపోయేదాకా దీపాలవేళ సెట్టు ముందు కూర్చుంది. ఆ జాబితా మళ్ళీ వినిపించలేదు. సత్తెమ్మ తండ్రి ఇంకొకసారి వచ్చి, ఈసారి బండి లేకుండా, ఊరికే చూసి పోయాడు. సుబ్రహ్మణ్యం గారు మాత్రం తన పత్రికలో మా సెట్టు మీద అభిప్రాయం మార్చుకున్నాడు. “రెండు వాల్వుల సెట్టు మంచిదా కాదా అన్నది పట్టుకున్న చేతిని బట్టి ఉంటుంది. వెనకటి సంచికలో ఈ రచయిత చేతిని లెక్కలోకి తీసుకోలేదు” అని రాశాడు. నాయన ఆ సంచికను కత్తిరించలేదు గానీ, తార్ మాస్టరుకు పంపడానికి పది రోజులు ఆలస్యం చేశాడు.

యుద్ధం అయిపోయిన మరుసటి చలికాలం, ఒక మధ్యాహ్నం, టాంగా ఒకటి మల్లమ్మత్త ఇంటి ముందు ఆగింది. దిగిన మనిషిని బర్రెలు తప్ప ఎవరూ వెంటనే గుర్తుపట్టలేదు. నర్సింగే. ఎముకల మీద చర్మం, చేతిలో ఒక రేకు డబ్బా. సత్తెమ్మ నీళ్ళ చెంబు తెచ్చి ఆయన ముందు పెట్టి, చెంబునే చూస్తూ నిలబడింది. ఊరంతా చేరింది. కబురు తెలిసి సుబ్రహ్మణ్యం గారు ఆఫీసు నుంచి అలాగే వచ్చాడు.

“మీ పేరు రేడియోలో చదివారండీ. ఈవిడే విన్నది,” అన్నాడు అమ్మను చూపిస్తూ.

నర్సింగు అర్థం కానట్టు చూశాడు. “మా పేర్లు ఎవలు రాసుకున్నరు సారూ? మమ్ముల్ని ఏదో దీవిల ఏసిండ్రు. చెట్లు నరుకుడు, మూటలు మోసుడు. మేం ఉన్నమని సుత ఎవ్వరికి ఎర్క లేకుండె.”

అందరికంటే ముందు తేరుకున్నది సత్తెమ్మ. అమ్మ దగ్గరికి వచ్చి, రెండు చేతులూ పట్టుకుని, “ఏదన్న గానీ అక్కా. నువ్వు ఇన్నవు గద,” అన్నది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. రెండేళ్ళ తరవాత అమ్మ ఆమె ముఖంలోకి చూసింది.

ఆ సాయంత్రం అమ్మ పొయ్యి ముందు కూర్చుని, రొట్టె మాడుతున్నా తిప్పలేదు. “గట్లయితే గా నర్సింగు ఇంకెవలో,” అన్నది. “గా తల్లికి ఎవరన్న చెప్పిండ్రో లేదో.”

ఈ మాట నాయన సుబ్రహ్మణ్యం గారితో చెప్పాడు. ఆయన ఆ నాటి పెన్సిలు కాగితం వెతికి తీశాడు. తరవాతి నెల పత్రిక రాలేదు, దాని బదులు ఆయన పోస్టుకార్డులు రాశాడు. రాజ్యం పటం ముందేసుకుని, పేట అని ముగిసే ఊళ్ళన్నీ ఏరి, ఒక్కొక్క ఊరి టపా మాస్టరుకు: మీ ఊళ్ళో కిష్టయ్య గానీ కిష్టన్న గానీ కొడుకు నర్సింగ్ అనే సిపాయి ఉన్నాడా, అతని పేరు ఖైదీల జాబితాలో విన్నాం, ఇంట్లో వాళ్ళకు తెలుపగలరు. ఉర్దూలో రాయాల్సినవి తార్ మాస్టరు రాశాడు. నాయన వాటిని సైకిలు మీద టపాకు చేర్చాడు. నాలుగైదు జవాబులు వచ్చాయి. ఒక ఊళ్ళో కిష్టయ్య ఉన్నాడు, కొడుకుల్లేరు. ఒక ఊళ్ళో నర్సింగ్ ఉన్నాడు, సిపాయి కాదు, కుమ్మరి. మిగిలిన పేటల నుంచి ఏమీ రాలేదు.

ఇప్పుడు ఆ జొన్నచేను మీద ఆరంతస్తుల ఆసుపత్రి ఉంది. గుట్ట మీద సీతాఫలాలు కాసిన బండలను పేల్చి ఫ్లై ఓవరు దించారు. ఐదిళ్ళలో ఒక్కటీ నిలబడి లేదు, ఆ పత్రిక ఒక్క సంచికా ఎవరి దగ్గరా లేదు. కిందటేడు మనవరాలు నా సరదా కోసం షార్ట్‌వేవ్ పట్టే చిన్న సెట్టు కొనిస్తే, బాల్కనీలో కూర్చుని ముల్లు ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పాను. చాలా స్టేషన్లు మూసేశారట. మిగిలినవాటిని ఇంటింటి దీపాలూ ఛార్జర్లూ చేసే రొద మింగేస్తోంది. ఆ రొదకు ఏ సెట్టయినా ఒకటే, ఏ చెయ్యయినా ఒకటే.

అమ్మ బతికున్నన్నాళ్ళూ, పేట అని ముగిసే ఊరి నుంచి ఎవరు వచ్చినా, పాలవాడైనా, గాజులామె అయినా, కూర్చోబెట్టి ఒక మాట అడిగేది. ఆమె పోయాక ఆ అలవాటు నాకొచ్చింది. మా అపార్టుమెంటుకు పోయిన నెల కొత్త వాచ్‌మన్ వచ్చాడు. ఏ ఊరంటే నర్సంపేట అన్నాడు. మీ ఊళ్ళో వెనకటి యుద్ధానికి పోయిన నర్సింగ్ అనే మనిషి ఇల్లుందా, తండ్రి పేరు కిష్ట అని మొదలవుతుంది, అని అడిగాను.

“మా దిక్కు నర్సింగులు మస్తుమంది ఉన్నరమ్మా,” అన్నాడతను నీళ్ళ మోటారు ఆపుతూ. “ఏ నర్సింగు? ఆయనె మీకేమైతడు?”